పిన్ని అనకూడని చోటు

ఆస్పత్రి, రెండో అంతస్తు, తూకం గది
ఫిబ్రవరి 6

అక్కా,

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను నాలుగు మాటలు చెప్పనివ్వవు, ఐదో మాటకి ఏడుపు మొదలుపెడతావు. పైగా మీ రెండు గదుల ఇంట్లో మన బొంగరం పిల్లకి పాము చెవులు. అందుకే ఈ కాగితం. పూర్తిగా చదివాకే తిట్టు.

బడివాళ్ళు అన్న మాట నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆరేళ్ళు నిండని పిల్లని పట్టుకుని "ఇలాగే ఉంటే వేరే బడి చూసుకోండి" అనడానికి వాళ్ళకి నోరెలా వచ్చింది? పిల్లల మనసు చూసే పెద్ద డాక్టరు కోసం నువ్వు పేరు రాయించావు కదా, ఆ వరుస ఏడాదికి గానీ కదలదు. ఆ పేర్ల పుస్తకం మా కింది అంతస్తులోనే ఉంటుంది. రోజూ చూస్తూనే ఉంటాను.

ఇక్కడ మేం ఒక మందు మీద స్టడీ చేస్తున్నాం. ఏడీహెచ్‌డీ అంటారే, ఆ నిలకడలేనితనం ఉన్న పెద్దపిల్లలకి ఏళ్ళ తరబడి ఇస్తున్న మందే. ఐదారేళ్ళ వాళ్ళకి ఎంత ఇస్తే సరిపోతుందో, ఎంత ఇస్తే ఎక్కువవుతుందో ఇంకా తేలలేదు. అది తేల్చడానికే ఇదంతా. సగం మంది పిల్లలకి మందు, సగం మందికి మందు లేని పొడి. ఎవరికి ఏది వెళ్ళిందో నాకూ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. అంతా అయిపోయాకే విప్పి చూస్తారు. ఏది వచ్చినా రెండు వారాలకోసారి డాక్టరమ్మ స్వయంగా కూర్చుని చూస్తుంది. వరుసలో ఉన్నవాళ్ళకి అది కలలో మాట.

ఒక్క చిన్న అడ్డుంది. స్టడీలో పనిచేసేవాళ్ళ చుట్టాల పిల్లల్ని చేర్చుకోరు. రూలు. అయితే మన ఇంటిపేర్లు వేరు, ఊళ్ళు వేరు, నువ్వు నాన్న పోలిక, నేను అమ్మ పోలిక. నువ్వు నన్ను ఎరగనట్టు ఉంటే చాలు. చిన్నప్పుడు బళ్ళో నీ స్నేహితురాళ్ళ ముందు నన్ను చూసి ఎవరో అన్నట్టు పోయేదానివిగా, ఆ పాత విద్యే.

ఇంకో ఇద్దరు పిల్లలు దొరికితే మా లెక్క నిండుతుంది. ఆలోచించి రాయి. ఆలోచించకుండా రాసినా సరే.

నీ బుజ్జి


ఇల్లు, కుట్టుమిషను బల్ల
ఫిబ్రవరి 15

బుజ్జీ,

తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు.

బడిలో ఆ రోజు జరిగింది నీకు సగమే చెప్పాను. తల్లిదండ్రుల్ని అందర్నీ పిలిచారు. గది నిండా పిల్లలు. అందులో సగం మంది యూనిఫాంలు నేను కుట్టినవే. కాజాలు చూస్తే తెలిసిపోతుంది, నా చేతి కాజా వేరు. ఆ పిల్లలంతా చేతులు కట్టుకుని బెంచీల మీద ఉన్నారు. నా పిల్ల ఒక్కతే బెంచీ కింద ఉంది. అక్కడి నుంచే టీచరు అడిగిన ప్రతి ప్రశ్నకీ, అడగని ప్రశ్నలకీ కూడా జవాబులు అరుస్తోంది. "ఈ పిల్ల తల్లి ఎవరండీ?" అంది టీచరు. నాకు తల కొట్టేసినట్టయింది. బుజ్జీ, నేను వెంటనే చెయ్యెత్తలేదు. గోడ మీద బొమ్మ చూస్తున్నట్టు అటు తిరిగాను. అది బెంచీ కింద నుంచి వేలు చూపించి "మా అమ్మ అదిగో" అనేదాకా తిరిగే ఉన్నాను.

ఎరగనట్టు ఉండే విద్య గురించి రాశావు. నాకు అది ఇంకా బాగానే వచ్చు.

వస్తాం. మీ బావ స్టడీ కాగితాల మీద సంతకం పెట్టేశాడు. బస్సు తీసే టైమైపోతోందని నిలబడే పెట్టాడు, చదివింది లేదు. నేను మాత్రం ప్రతి లైనూ చదివాను. "ఈ స్టడీ సిబ్బందిలో మీకు బంధువులు ఎవరైనా ఉన్నారా" అన్న దగ్గర "లేరు" అని రాశాను. చేతిరాత కాస్త వంకర పోయింది.

అసలు భయం బొంగరం గురించే. దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా. మూడు రోజులుగా ఇంట్లో నాటకం ఆడిస్తున్నాను. నేను తెల్ల దుప్పటి కప్పుకుని నువ్వవుతాను. తలుపు తోసుకుని వచ్చి "గుడ్ మార్నింగ్ సిస్టర్" అనాలి. పదకొండుసార్లు "గుడ్ మార్నింగ్ పిన్నీ" అంది. పన్నెండోసారి సరిగ్గా అంది. దానికదే చప్పట్లు కొట్టుకుంది.

అక్క


ఆస్పత్రి, మందుల గది
మార్చి 2

అక్కా,

నిన్న నేను "కూర్చోండమ్మా" అంటే నువ్వు "థాంక్సండీ" అన్నావు చూడు, ఎక్కడ నేర్చావే ఆ గొంతు? ముప్ఫై ఏళ్ళుగా నన్ను "ఒసే" తప్ప ఇంకో మాటతో పిలిచావా?

బొంగరమైతే మనిద్దర్నీ మించిపోయింది. తూకం మీద నిలబెట్టాను. తలెత్తి నన్ను చూసింది. కళ్ళు వెలిగాయి, నోరు తెరుచుకుంది, అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. "గుడ్ మార్నింగ్ సిస్టర్" అంది. డాక్టరమ్మ సరదాకి "ఈ సిస్టర్ మంచిదేనా?" అని అడిగింది. "నాకు తెలీదు. ఇవాళే చూశాను" అంది, అంత నిటారుగా నిలబడి. అది నేను నేర్పలేదు. నువ్వు నేర్పావా? మందుల గదిలోకి వచ్చి నవ్వుకున్నాను.

సరే, పని మాట. రోజూ పొద్దున్న గొట్టం మాత్ర విప్పి అందులోని పొడి చెంచాడు తేనెలో కలిపి ఇవ్వు. సాయంత్రం ఆ కాగితం నింపు. పద్దెనిమిది లైన్లు ఉన్నాయి. అస్సలు లేకపోతే సున్నా, మరీ ఎక్కువైతే మూడు. తొమ్మిదో లైను నీకు కంఠతా వచ్చేసి ఉంటుంది: "అడగకుండానే మాట్లాడేస్తుంది, ఆగలేదు." మొదటి రోజు అక్కడ మూడు వేశావు, నాలుగు ఉంటే నాలుగే వేసేదానివి.

నీ బుజ్జి


ఇల్లు
ఏప్రిల్ 10

బుజ్జీ,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే సంతోషం పట్టదు.

తొమ్మిదో లైనులో వరుసగా పదో రోజు సున్నా వేశాను. నిజం సున్నా. బడిలో టీచరు నోటుపుస్తకంలో "మీ అమ్మాయి ఇప్పుడు బంగారం" అని రాసి పంపింది. నేను ఆ పేజీ చించి మిషను సొరుగులో దాచుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర ఇద్దరు తల్లులు వచ్చి "ఏం చేశారండీ?" అని అడిగారు. "మంచి డాక్టరు దొరికింది" అన్నాను. ఆ గేటు దగ్గర తలెత్తుకుని నిలబడటం నాకు అదే మొదటిసారి.

ఇంట్లో కూడా అంతే. ఇదివరకు నేను ఒక జాకెట్టు చేతికి కుట్టు వేసేలోపు ఇరవై ప్రశ్నలు వేసేది. దారం ఎందుకు తెగుతుంది, సూదికి కన్ను ఉంటే చూస్తుందా, పిన్ని ఎప్పుడొస్తుంది. ఇప్పుడు మిషను బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలు రంగుల వారీగా పేర్చుకుంటుంది. స్నానం చేస్తూ పాడే పాటలు కూడా మానేసింది. మిషను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఇదే కదా నేను రోజూ కోరుకున్నది.

మాకు వచ్చింది వట్టి పొడి కాదు, మందే. నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. మీ డాక్టరమ్మ చల్లగా ఉండాలి.

అక్క


ఆస్పత్రి, రెండో అంతస్తు
మే 3

అక్కా,

తొందరలో రాస్తున్నాను. ఒక్కటి అడుగుతాను, నిజం రాయి.

నిన్న రక్తం తీశాం కదా. నువ్వు బయట వరండాలో ఉన్నావు. మామూలుగా పిల్లలు ఆస్పత్రి పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. అరవాలి కూడా, మాకు అది అలవాటే. మన పిల్ల సూది చూడగానే రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు ఒక చెయ్యి కావాలి. ఇవ్వదు. చాలాసేపు బతిమాలితే ఒక చేత్తో నోరు అలాగే గట్టిగా మూసుకుని రెండోది చాపింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి గానీ చిన్న మూలుగు కూడా లేదు.

డాక్టరమ్మ అది చూసింది. బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం మీద "పిల్ల మూగబోతోంది, మందు ఎక్కువైన లక్షణం కావచ్చు" అని రాసింది. అలాంటి మాట ఒకటి రాస్తే అది పై కమిటీకి వెళుతుంది. ఇంకో పిల్లలో కూడా ఇలా కనిపిస్తే ఈ వయసు వాళ్ళందరికీ మోతాదు తగ్గించేస్తారు. తగ్గిస్తే పని చెయ్యక కొందరు నష్టపోతారు, తగ్గించకపోతే మందు వల్ల కొందరు మూగబోతారు. అందుకే ఆ మాట తప్పో ఒప్పో తేలాలి.

ఇంట్లో ఎలా ఉంది? మాట మానేసిందని సంబరంగా రాశావు. ఒక్కసారి సంబరం పక్కన పెట్టి చూసి చెప్పు. మందు వల్లేనా?

నీ బుజ్జి


ఇల్లు
మే 12

బుజ్జీ,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. నాలుగుసార్లు రాసి చింపాను. ఈసారి చింపను, ఎలా ఉంటే అలా చదువు.

మొన్న మధ్యాహ్నం దానికి గౌను కుట్టడానికి కొలతలు తీస్తున్నాను. టేపు వీపు చుట్టూ తిప్పుతూ "ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు సిస్టర్‌తో ఏమైనా మాట్లాడవే" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఏం, మాట్లాడితే ముత్యాలు రాలతాయా?" అన్నాను.

"ముత్యాలు కాదు. నోరు తెరిస్తే పిన్నీ అని వచ్చేస్తుంది" అంది.

టేపు పక్కన పెట్టి దాని ముందు కూర్చున్నాను. "మరి బళ్ళో ఎందుకు మాట్లాడవే, అక్కడ పిన్ని లేదుగా?" అన్నాను.

"బళ్ళో మాట్లాడితే అలవాటైపోతుంది. అప్పుడు ఆస్పత్రిలో ఆగదు" అంది. అది నాకు లెక్క నేర్పుతున్నట్టు చెప్పింది. "ఇంట్లో కూడా కొంచెమే మాట్లాడాలి" అని కూడా చెప్పింది.

నీకు రాయని మాట ఒకటుంది. మొదటిరోజు బస్సులో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. నువ్వు గనక పిన్నీ అన్నావంటే పిన్ని ఉద్యోగం పోతుంది, ఇక మనింటికి ఎప్పటికీ రాదు అని. నాటకంతో సరిపెడితే బాగుండేది. నాకు నమ్మకం చాలలేదు, దాన్ని భయపెట్టాను. ఐదున్నరేళ్ళ పిల్ల, ఒక్క క్షణం ఆగలేదని ఊరంతా అనే పిల్ల, నీ ఉద్యోగం తన నోట్లో పెట్టుకుని ఇన్నాళ్ళు తిరిగింది. నేను దానికి సున్నాలు వేసి మురిసిపోయాను.

రెండోది కూడా చెప్పేస్తాను. మాట ఒక్కటే ఆగింది బుజ్జీ. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. మొన్నటికి మొన్న వేసవి క్లాసులకి వెళ్ళి ఒక చెప్పు బడిలో వదిలేసి ఇంకో చెప్పుతో వచ్చింది. పెన్సిళ్ళు ఎన్ని పోయాయో. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. ఆ లైన్లన్నిటిలో మూడు వెయ్యాల్సిన చోట ఒకటి వేశాను. బాగుపడుతున్న పిల్ల తల్లిలా కనపడాలని వేశాను. ఎవరికి కనపడాలో నాకే తెలియదు.

ఇప్పుడు నా మాట విను. మేం ఊరు మారుతున్నామని చెప్పి స్టడీ నుంచి మెల్లగా తప్పుకుంటాం. నువ్వు నోరెత్తకు. జరిగిందేదో జరిగింది, నీ ఉద్యోగమైనా మిగలాలి.

అక్క


నా గది
మే 20

అక్కా,

మీరు ఊరు మారుతున్నామని చెబితే పిల్ల పేరు కాగితం మీంచి పోతుంది. "మూగబోతోంది" అన్న మాట పోదు. ఆ మాట ఎవరో తెలియని పిల్లల మోతాదులో కూర్చుంటుంది. నీ దొంగ ఒకట్లు కూడా అంతే, అవి మందు బాగా పనిచేసిందని సాక్ష్యం చెబుతాయి.

అందుకని నిన్న డాక్టరమ్మకి చెప్పేశాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు ఏడుస్తావు, నేను ఆగిపోతాను.

గదిలో ఇద్దరమే ఉన్నాం. "నలభై మూడో నంబరు పిల్ల మా అక్క కూతురండీ" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసింది. మొత్తం విన్నది. "మాట్లాడొద్దని పిల్లకి ఎవరు చెప్పారు?" అంది. "మేమే" అన్నాను. ఆ మాట నా ఎదురుగానే రాసి, కాగితం నా వైపు తిప్పి సంతకం పెట్టమంది. పెట్టాను. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. తలుపు దాకా వెళ్ళాక "రక్తం తీసినరోజు చెయ్యి పట్టుకుంది నువ్వే కదా?" అని మాత్రం అడిగింది.

బొంగరం కాగితాలన్నీ స్టడీ నుంచి తీసేస్తున్నారు. అందింది మందో వట్టి పొడో స్టడీ పూర్తయ్యేదాకా ఎవరూ విప్పరు, ఆ తర్వాత మనకి చెప్పాల్సిన పనీ లేదు. మందు దానికి పనికొస్తుందో లేదో తెలుసుకునే వీలు మన చేతులతో మనమే పోగొట్టాం. కింది అంతస్తు వరుసలో నీ పేరు అలాగే ఉంది, దిగేటప్పుడు చూశాను. ఇంకో ఏడు నెలలు పడుతుంది. నా ఉద్యోగం స్టడీది, ఆస్పత్రిది కాదు. కాబట్టి ఇవాళ్టితో అది కూడా అయిపోయింది. నా కోటు మడిచి ఇచ్చి వచ్చేశాను.

నువ్వు రెండు చెప్పావు, నేనూ రెండు చెబుతాను. ఇద్దరు పిల్లలు దొరికితే లెక్క నిండుతుందని రాశాను. నిండితే నన్ను వచ్చే ఏడాది కూడా ఉంచుకుంటారన్నది రాయలేదు. బొంగరం కోసమే అనుకున్నాను, సగం నా కోసం. రెండోది, "ఇవాళే చూశాను" అని అది అన్నప్పుడు మందుల గదిలోకి వచ్చి నవ్వుకున్నానని రాశాను కదా. నవ్వలేదు అక్కా. పుట్టిన రోజున దాన్ని మొదట ఎత్తుకున్నది నేను. అది నన్ను ఎరగనంటే ఏడ్చాను, ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ దాని ఎత్తు కొలిచాను.

బుజ్జి


ఇల్లు
మే 29

బుజ్జీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మీ బావ మీద అరిచాను, మిషను సూది విరగ్గొట్టాను. మూడో రోజుకి కోపం దిగింది. దిగాక చూస్తే అడుగున ఉన్నదంతా సిగ్గే.

నిన్న దాన్ని వేసవి క్లాసులకి దింపుతూ బడిలోకి వెళ్ళాను. టీచరుతో చెప్పాను. "మీరు బంగారం అన్నది మందు వల్ల కాదు, నేను భయపెట్టి నోరు మూయించడం వల్ల. రేపో మాపో అది మళ్ళీ బెంచీ కింద దూరి అరుస్తుంది, అరవాలనే నేను కోరుకుంటున్నాను. అప్పుడు తల్లి ఎవరని అడగండి, ఈసారి చెయ్యెత్తుతాను" అన్నాను. పక్కన ఇద్దరు తల్లులు విన్నారు. విననీ. టీచరు కుర్చీ జరిపి కూర్చోమంది.

కానీ బొంగరం ఇంకా మాట్లాడటం లేదు. ఇక అనొచ్చు, గట్టిగా అనొచ్చు అని రోజూ చెబుతున్నాను. నా మొహంలోకి చూస్తుంది గానీ నమ్మదు. ఎందుకు నమ్మాలి? అనకూడదని చెప్పిందీ నేనే కదా. నీ ఉద్యోగం సంగతి దానికి చెప్పలేదు, ధైర్యం చాలలేదు.

నువ్వు రా. ఆదివారం బావ బస్సే ఎక్కు, సందు మొదట్లో దింపుతాడు.

అక్క


నా గది
జూన్ 9

అక్కా,

ఆదివారం నువ్వు మిషను మీద ఉన్నావు, ఆ చప్పుడులో నీకు వినపడలేదు. తర్వాత చెబుదామనుకున్నాను, నా వల్ల కాలేదు. రాస్తున్నాను.

తలుపు తీసింది అదే. నన్ను చూసింది. పలకరించలేదు. నన్ను దాటి వచ్చి మెట్ల మీదికి చూసింది, పైకి ఒకసారి, కిందికి ఒకసారి. ఎవరూ లేరని చూసుకున్నాక నా చెయ్యి పట్టి లోపలికి లాగి, తలుపు వేసి, మునివేళ్ళ మీద లేచి గడియ పెట్టింది. నన్ను వంగమని సైగ చేసింది. వంగితే చెవిలో చెప్పింది, "పిన్నీ" అని. ఆ గాలికి నా చెవి వెచ్చబడింది.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. "గట్టిగానే అనవే బంగారం, ఇక ఫర్వాలేదు" అన్నాను.

"నీ ఉద్యోగం పోదా?" అంది.

అబద్ధం ఆడాలనిపించింది. అలవాటు కదా. ఆడలేదు. "పోయింది" అన్నాను.

దాని మొహం చూడాల్సింది నువ్వు. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని గోడకి అంటుకుపోయింది. "నేను చెప్పలేదు. ఒట్టు పిన్నీ, నేను ఎవ్వరికీ చెప్పలేదు. బళ్ళో కూడా చెప్పలేదు. సూది పొడిచినప్పుడు కూడా చెప్పలేదు" అంది.

"నువ్వు చెప్పలేదమ్మా. నేనే చెప్పాను" అన్నాను.

అది నమ్మడానికి కాసేపు పట్టింది. తర్వాత గోడని వదిలి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను తలెత్తలేకపోయాను. నా మోకాలి మీద చెయ్యి వేసి, మెత్తగా, మనం దానితో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా అడిగింది.

"ఆగలేకపోయావా పిన్నీ?"

నేను తల ఊపాను.

"నాకు కూడా చాలాసార్లు వచ్చేసేది. నేను ఆగాను" అంది.

బొంగరం పిన్ని